మీ ప్రశ్నలు, మా జవాబులు: కెర్నల్‌లో టెంపరేచర్ సెన్సార్ల గోల

పోయిన సంచికలో ఎండాకాలం ల్యాప్‌టాప్‌లు వేడెక్కడం గురించి రాశా కదా, దానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి. కానీ ఫ్యాన్ల గురించి అడిగినవాళ్ళు తక్కువ, స్క్రీన్ మీద కనబడే ఆ అంకె అసలు ఎక్కడ్నుంచి ఊడిపడుతుందని అడిగినవాళ్ళే ఎక్కువ. సరే అని ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేశా. ఎక్కువ భాగం లైనక్స్ కెర్నల్ (హార్డ్‌వేర్‌తో మాట్లాడే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మీదే ఉంటుంది, ఉత్తరాలన్నీ దాని మీదే వచ్చాయి మరి. ఒకాయన మాత్రం ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ తరఫున గొడవకి దిగారు, ఆయన్నీ వదల్లేదు.

అన్నా, నా కంప్యూటర్‌లో సెన్సార్స్ కమాండ్ కొడితే కోర్‌టెంప్ దగ్గర 52, ఏసీపీఐటీజెడ్ దగ్గర 27.8 చూపిస్తోంది. మళ్ళీ థర్మల్ ఫోల్డర్‌లోకెళ్ళి చూస్తే అక్కడ ఇంకో రెండు ఉన్నాయి. ఏది నిజం? ఇన్ని ఎందుకు, ఒక్క ఫైల్ పెట్టి అందులో టెంపరేచర్ రాస్తే సరిపోయేది కదా? – బీటెక్ విద్యార్థి, కాకినాడ

తమ్ముడూ, ఒక్క ఫైల్ పెడితే దాంట్లో ఏ టెంపరేచర్ రాయాలి? ప్రాసెసర్‌దా, బోర్డుదా, ర్యామ్‌దా, ఎస్ఎస్‌డీదా? ఒకే మెషీన్‌లో ఈ సెన్సార్లన్నీ వేరే వేరే కంపెనీలవి, ఒకటి చిప్పులు మాట్లాడుకునే ఐ2సీ వైర్ల మీద ఉంటుంది, ఒకటి ప్రాసెసర్ లోపల రిజిస్టర్ అనే చిన్న గడిలో ఉంటుంది, ఇంకోటి బయాస్ (మెషీన్ ఆన్ కాగానే నడిచే బోర్డు ప్రోగ్రామ్) లోపల రాసిన చిన్న ప్రోగ్రామ్‌ని అడిగితే తప్ప చెప్పదు. ఇవన్నీ పైన కూర్చున్న ప్రోగ్రామ్‌కి ఒకేలా కనబడేలా చేయడమే అబ్‌స్ట్రాక్షన్ అంటే. ఆ పని లైనక్స్‌లో ఒక చోట కాదు, మూడు చోట్ల జరుగుతుంది, నీ తికమకంతా అక్కడే.

మొదటిది హెచ్‌డబ్ల్యుమాన్, హార్డ్‌వేర్ మానిటరింగ్. దీని పని చూసి చెప్పడం. చిప్ ఏం చెప్పిందో అది, గరిష్ఠం ఎంత, క్రిటికల్ ఎంత, అలారం మోగిందా లేదా, అంతవరకే. రెండోది థర్మల్. దీనికి చూడటం కంటే ఏదో ఒకటి చేయడం ముఖ్యం. ఫలానా జోన్‌లో వేడి ఫలానా పాయింట్ దాటితే ఫ్యాన్ తిప్పు, ఇంకా దాటితే ప్రాసెసర్ స్పీడ్ తగ్గించు, క్రిటికల్ దాటితే మెషీన్ ఆపెయ్. ఆ పాయింట్లని ట్రిప్ పాయింట్లంటారు, యాక్టివ్, పాసివ్, హాట్, క్రిటికల్ అని నాలుగు రకాలు. మూడోది ఐఐఓ, ఇండస్ట్రియల్ ఐఓ అని. ల్యాబుల్లో, డ్రోన్లలో, వాతావరణ స్టేషన్లలో వాడే సెన్సార్లు దీని కిందకొస్తాయి. సెకనుకి వందల రీడింగులు బఫర్‌లో పోసి ఇవ్వడం దీని బలం.

కరెంటు మీటర్ రీడింగ్ రాసుకుపోయే అతను వేరు, బిల్లు కట్టకపోతే వచ్చి ఫ్యూజ్ పీకే అతను వేరు కదా, హెచ్‌డబ్ల్యుమాన్‌కీ థర్మల్‌కీ తేడా అంతే. రెండు పనులూ ఒక్కడికే ఇస్తే ఏమవుతుందో ఆలోచించు. రీడింగ్ తప్పుగా రాసినప్పుడల్లా ఫ్యూజ్ పోతుంది.

మరి ఒకే సెన్సార్ రెండు చోట్ల ఎందుకు కనబడుతుందంటే మధ్యలో వంతెనలున్నాయి కాబట్టి. థర్మల్ జోన్ ఒకటి రిజిస్టర్ అయితే దానికో హెచ్‌డబ్ల్యుమాన్ ముఖం కూడా తగిలించొచ్చు, హెచ్‌డబ్ల్యుమాన్ డ్రైవర్ (చిప్‌తో మాట్లాడే కెర్నల్ ముక్క) కావాలంటే తన సెన్సార్‌ని థర్మల్ జోన్‌గా కూడా ఇవ్వొచ్చు, ఐఐఓ సెన్సార్‌ని హెచ్‌డబ్ల్యుమాన్‌లో చూపించే డ్రైవర్ కూడా వేరే ఉంది. నీకు సెన్సార్స్ కమాండ్‌లో కనబడిన ఆ ఏసీపీఐటీజెడ్ నిజానికి థర్మల్ ఇంటి మనిషే, ఇటు చుట్టపుచూపుగా వచ్చింది.

ఇక ఆ 27.8. పొద్దున చూసినా, గేమ్ ఆడుతూ చూసినా అది 27.8 దగ్గరే ఉంటే దాన్ని పట్టించుకోకు. ఏసీపీఐ (బయాస్, కెర్నల్ మాట్లాడుకునే పద్ధతి) లెక్కలో టెంపరేచర్‌ని కెల్విన్‌లో, అందులోనూ పదో వంతుల్లో చెప్తారు. బయాస్ రాసినాయన సెన్సార్‌ని చదివే ఓపిక లేక 3010 అని ఒక స్థిరమైన అంకె పడేస్తాడు, అందులోంచి 2732 తీసేస్తే 278, అంటే 27.8 డిగ్రీలు. చాలా డెస్క్‌టాప్ బోర్డుల్లో ఇదే సంగతి. కెర్నల్ దాన్ని నిజాయితీగానే చూపించింది, అబద్ధం కింద నుంచి వచ్చింది. ప్రాసెసర్ వేడి కావాలంటే నువ్వు చూడాల్సింది కోర్‌టెంప్‌నే.

ఆ కోర్‌టెంప్‌దీ ఓ చిన్న కథ ఉంది. ఇంటెల్ చిప్ లోపలి సెన్సార్ 52 అని చెప్పదు, తన పరిమితికి ఇంకా 48 డిగ్రీలు దూరంలో ఉన్నానని చెప్తుంది. ఆ పరిమితిని టీజే మ్యాక్స్ అంటారు, అది 100 అయితే 100లోంచి 48 తీసేసి 52 అని డ్రైవర్ లెక్కేస్తుంది. ఇప్పటి చిప్పుల్లో ఆ టీజే మ్యాక్స్‌ని కూడా రిజిస్టర్‌లోంచి చదువుకోవచ్చు. పాత కోర్ 2 కాలం వాటిల్లో చాలావరకు ఆ వీలు లేదు, మోడల్ చూసి 85 అనో 100 అనో డ్రైవరే అంచనా వేసేది. అంచనా తప్పితే అంకె మొత్తం 15 డిగ్రీలు పక్కకి పోతుంది. పరిమితి దగ్గర పడేకొద్దీ ఈ సెన్సార్ బాగా పనిచేస్తుంది, చల్లగా ఉన్నప్పుడు దాన్ని మరీ నమ్మక్కర్లేదు, దాన్ని పెట్టింది మాడిపోకుండా కాపాడటానికి కదా.

సార్, డిప్లొమా పిల్లలకి రాస్ప్‌బెర్రీ పై 3 మీద క్లాస్ చెప్తున్నాను. టెంప్ ఫైల్ తెరిస్తే 48312 అని వచ్చింది. 48.3 అని ఇవ్వకుండా ఎందుకిలా? పైగా ఒక పిల్లాడు మేడమ్, డిగ్రీలో వెయ్యో వంతు కూడా కొలుస్తుందా అన్నాడు. – లెక్చరర్, హన్మకొండ

ఆ పిల్లాడికి ఒక మార్కు ఎక్కువ వేయండి మేడమ్.

ముందు మొదటి సంగతి. కెర్నల్ లోపల దశాంశాల లెక్కలు మామూలుగా చేయరు. ఫ్లోటింగ్ పాయింట్ రిజిస్టర్లలో అప్పటికి నడుస్తున్న ప్రోగ్రామ్ తాలూకు విలువలుంటాయి, కెర్నల్ వాటిని వాడాలంటే ముందు అవన్నీ ఎక్కడో దాచి, పనయ్యాక మళ్ళీ యథాస్థానంలో పెట్టాలి, ఒక టెంపరేచర్ కోసం అంత తతంగం ఎవరు పడతారు. అందుకే డిగ్రీని వెయ్యితో గుణించి పూర్ణాంకంగా పెట్టుకుంటారు, మిల్లీడిగ్రీ సెల్సియస్. ఫైల్‌లో యూనిట్ గుర్తు కూడా ఉండదు, ఒక ఫైల్ ఒక విలువ, అంతే. చదివే స్క్రిప్ట్ దాన్ని వెయ్యితో భాగించుకుంటే సరి.

ఇక వెయ్యో వంతు సంగతి. మీ పై 3లో సెన్సార్ ఇచ్చేది 676 లాంటి ఒక పచ్చి అంకె. దాన్ని 538తో గుణించి, 412000లోంచి తీసేస్తే 48312. క్లాస్‌లో బోర్డు మీద వేయించండి, సరిగ్గా వస్తుంది. పచ్చి అంకె ఒకటి పెరిగి 677 అయితే 47774, ఒకటి తగ్గి 675 అయితే 48850. ఈ మూడింటి మధ్యలో ఇంకో అంకె ఆ సెన్సార్ జన్మలో ఇవ్వదు. అంటే ఐదంకెలు కనబడుతున్నా మెట్టు మాత్రం అర డిగ్రీ పైనే. పిల్లలతో ఒక గంట రీడింగులు తీయించి, వేరే వేరే విలువలు ఎన్ని వచ్చాయో లెక్కబెట్టమనండి, వాళ్ళకే తెలిసిపోతుంది.

ఇందులో నాకు నచ్చే విషయం ఇంకోటుంది. ఆ 538, 412000 డ్రైవర్ కోడ్‌లో గట్టిగా రాసిపెట్టినవి కావు, బోర్డు వివరాలుండే డివైస్ ట్రీలో ఉంటాయి. చిప్ మారితే అక్కడ అంకెలు మారుస్తారు, డ్రైవర్ అదే. లెక్క చేసే పద్ధతి ఒక దగ్గర, లెక్కకి కావాల్సిన అంకెలు ఇంకో దగ్గర. పిల్లలకి అబ్‌స్ట్రాక్షన్ మీద నిర్వచనాలు బట్టీ పట్టించే కన్నా ఈ ఒక్క లైన్ చూపిస్తే చాలు.

యూనిట్ల దగ్గరకి వచ్చాం కాబట్టి ఒక తమాషా చెప్తా. సున్నా డిగ్రీలంటే 273.15 కెల్విన్. ఏసీపీఐ వాళ్ళేమో పదో వంతులు అన్నారు, అంటే 2731.5, మరి ఆ అర ఎక్కడ పెట్టాలి? కొందరు బయాస్ వాళ్ళు 2731 అనుకున్నారు, కొందరు 2732 అనుకున్నారు. దాంతో లైనక్స్ ఒక చిట్కా కనిపెట్టింది. క్రిటికల్ టెంపరేచర్‌ని ఎవరైనా 95, 100 ఇలా గుండు అంకెల్లోనే పెడతారు కదా, ఆ విలువని 5తో భాగించి చూస్తుంది, శేషం 1 వస్తే ఈ బయాస్ వాళ్ళు 2731 బ్యాచ్ అని, లేకపోతే 2732 బ్యాచ్ అని అనుకుంటుంది. 100 డిగ్రీలకి 3731 రాస్తే శేషం 1, 3732 రాస్తే 2. యూనిట్ ఎంచుకునేటప్పుడు ఒక అర వదిలేసిన పాపానికి పదో వంతు డిగ్రీ తేడా కోసం కెర్నల్‌లో జ్యోతిష్యం చెప్పుకోవాల్సి వచ్చింది చూశారా.

మాది మిర్చి కోల్డ్ స్టోరేజ్ అండి. చిన్న బోర్డుకి డీఎస్18బీ20 సెన్సార్లు తగిలించి రూమ్ టెంపరేచర్ రికార్డ్ చేస్తున్నాం. మామూలుగా ఐదారు డిగ్రీలు చూపిస్తది, ఉన్నట్టుండి 85 అంటది, మళ్ళీ మామూలే. అర్ధరాత్రి మా వాచ్‌మన్‌కి మెసేజ్ పోయి ఆయన పరుగెత్తుకొచ్చాడు. సీఆర్‌సీ దగ్గర ఎస్ అనే వస్తోంది. సెన్సార్ పాడైందా? – గుంటూరు

సెన్సార్ బాగానే ఉందండి, 85 అంటే దాని భాషలో నేనింకా కొలవలేదు అని. ఆ చిప్‌కి కరెంటు అందగానే దాని లోపల టెంపరేచర్ రిజిస్టర్‌లో మొదట ఉండే విలువే 85. కొలవమని ఆర్డర్ ఇచ్చాక 12 బిట్ల రీడింగ్ తయారవడానికి ముప్పావు సెకను దాకా పడుతుంది, ఆ మధ్యలో వోల్టేజ్ ఒక్క క్షణం పడిపోయిందనుకోండి, చిప్ రీసెట్ అయిపోతుంది, మీరు చదివేసరికి పాత 85 అక్కడ కూర్చుని ఉంటుంది. సీఆర్‌సీ ఎస్ అనడంలో వింతేం లేదు, సీఆర్‌సీ చూసేది వైర్ మీద వచ్చేటప్పుడు బిట్లు చెడిపోయాయా లేదా అనే, 85 ఏ గాయం లేకుండా క్షేమంగా వచ్చింది.

కాబట్టి ముందు వైరింగ్ చూడండి. రెండు వైర్లతోనే నడుపుతుంటే, అంటే డేటా వైర్ మీదే కరెంటు కూడా లాగుతుంటే, మూడో వైర్ వేసి విడిగా పవర్ ఇవ్వండి. కోల్డ్ స్టోరేజ్‌ల్లో కేబుల్ పొడుగు ఎక్కువ, పక్కనే కంప్రెసర్ మోటార్లు స్టార్ట్ అవుతుంటాయి, మీ 85లు కంప్రెసర్ ఆన్ అయ్యే టైమ్‌కి సరిపోతున్నాయేమో లాగ్‌లో ఒకసారి చూసుకోండి. డేటా వైర్‌కి 4.7 కిలో ఓమ్‌ల పుల్అప్ రెసిస్టర్ ఉందా లేదా అది కూడా.

తర్వాత సాఫ్ట్‌వేర్. 85 వస్తే పారెయ్ అని స్క్రిప్ట్‌లో ఒక లైన్ రాసేస్తారు చాలామంది. మీకైతే పర్లేదు, మిర్చి 85 డిగ్రీలకి చేరే లోపు ఇంకా చాలా జరుగుతాయి. కానీ అదే డ్రైవర్‌ని బాయిలర్ దగ్గర వాడేవాడు ఉంటాడు, వాడికి 85 నిజంగానే రావచ్చు. అందుకే కెర్నల్ డ్రైవర్ గుడ్డిగా 85ని పారేయకూడదు. మరెలాగంటే, చిప్ ఇచ్చే తొమ్మిది బైట్లలో ఇంకో గుర్తుంది, 6వ నంబర్ బైట్, సున్నా నుంచి లెక్కపెట్టుకోవాలి. అప్పుడే కరెంటొచ్చిన చిప్‌లో అది హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) 0సీ ఉంటుంది, ఆ సీ ఒక అంకె, సెల్సియస్ కాదు, నిజంగా కొలిచి 85 వస్తే అలా ఉండదు. కొత్త కెర్నల్స్‌లో ఈ డ్రైవర్‌కి ఫీచర్స్ అని ఒక ఫైల్ ఇచ్చారు, అందులో 1 రాస్తే డ్రైవర్ ఈ బైట్‌ని కూడా చూసి, కొలవని 85 అయితే అంకె ఇవ్వకుండా ఎర్రర్ ఇస్తుంది. మీ స్క్రిప్ట్ ఆ ఎర్రర్ వచ్చినప్పుడు ఇంకోసారి చదవాలి, వరసగా నాలుగైదు సార్లు అలాగే వస్తే అప్పుడు సెన్సార్ అందట్లేదు అని వేరే మెసేజ్ పంపాలి. రూమ్ వేడెక్కింది, సెన్సార్ పలకట్లేదు, ఈ రెండూ వేరే వేరే కబుర్లు. వాచ్‌మన్ రెండో కబురుకి పరుగెత్తక్కర్లేదు.

నేను ఎంబెడెడ్ కంపెనీలో పనిచేస్తున్నాను. మా కొత్త బోర్డు మీద ఒక టెంపరేచర్ చిప్‌కి డ్రైవర్ రాయాలి, ఐ2సీ, ఎల్ఎం75 లాంటిదే. మా లీడ్ ఏమో డ్రైవర్‌లోనే 70 దాటితే ఫ్యాన్ ఆన్ చేసే కోడ్ కూడా పెట్టెయ్యమంటున్నారు, నాకేమో అది సరికాదనిపిస్తోంది కానీ ఎలా చెప్పాలో తెలీట్లేదు. ఎక్కడ పెట్టాలి, ఎలా రాయాలి? – హైదరాబాద్

మీకనిపించింది కరెక్టే. ఆ 70 అనేది చిప్‌కి సంబంధించిన సంగతి కాదు, మీ డబ్బా సైజుకీ, ఫ్యాన్‌కీ, అది ఎక్కడ వేలాడదీస్తారనే దానికీ సంబంధించింది. రేపు అదే చిప్ ఇంకో ప్రొడక్ట్‌లో పెడతారు, అక్కడ ఫ్యాన్ ఉండకపోవచ్చు. డ్రైవర్‌కి తెలిసింది చిప్ ఒక్కటే, కాబట్టి చిప్ గురించే మాట్లాడాలి. ట్రిప్ పాయింట్లు డివైస్ ట్రీలో థర్మల్ జోన్స్ కింద పెట్టండి, ఏ సెన్సార్, ఎంతకి, ఏ కూలింగ్ డివైస్ అని అక్కడే కలుపుతారు. ఎంత తొందరగా, ఎంత గట్టిగా చల్లబరచాలనేది గవర్నర్ చూసుకుంటుంది, మెట్టు మెట్టుగా పోయే స్టెప్ వైజ్ ఉంది, ఆన్ ఆఫ్ ఫ్యాన్లకి బ్యాంగ్ బ్యాంగ్ ఉంది. మీ లీడ్‌తో తర్కం పెట్టుకోకండి, రేపు కస్టమర్ 70 వద్దు 65 కావాలంటే కెర్నల్ మళ్ళీ బిల్డ్ చేసి టెస్ట్ చేయాలా, లేక డివైస్ ట్రీలో ఒక లైన్ మార్చాలా అని అడగండి, ఆయనే దిగొస్తారు.

ఇల్లు విషయానికొస్తే హెచ్‌డబ్ల్యుమాన్‌లో పెట్టండి. బోర్డు ఆరోగ్యం చూడటానికే కదా ఆ చిప్. అదే చిప్ తేమ, గాలి ఒత్తిడి కూడా కొలిచేదైతే ఐఐఓ అనేవాణ్ణి. ముందు ఒక పని చేయండి, ఉన్న ఎల్ఎం75 డ్రైవర్‌ని తెరిచి చూడండి, దాంట్లో ఇలాంటి చిప్పులు బోలెడు ఇప్పటికే ఉన్నాయి, మీది కూడా రిజిస్టర్లు అవే అయితే కొత్త డ్రైవరే అక్కర్లేదు, పట్టికలో ఒక వరస చేరిస్తే చాలు. కొత్త డ్రైవర్ రాయకుండా బయటపడటమే అన్నిటికన్నా మంచి డ్రైవర్ రాయడం, ఈ మాట కంపెనీల్లో అప్రైజల్ టైమ్‌లో చెల్లదనుకోండి.

రాయాల్సే వస్తే ఇప్పుడు పని తేలిక. పూర్వం ప్రతి డ్రైవరూ సిస్ఎఫ్ఎస్ ఫైళ్ళు (సెన్సార్ అంకెలు కనబడే ఆ ఫైళ్ళే) తనే ఒక్కొక్కటిగా తయారు చేసుకునేది, ఒకే రకం కోడ్ వందసార్లు, ఒక్కోచోట ఒక్కో స్పెల్లింగ్ తప్పు. 2016లో, 4.9 కెర్నల్‌తో, ఆ పద్ధతి మారింది. ఇప్పుడు నా దగ్గర ఒక టెంపరేచర్ ఛానెల్ ఉంది, దానికి ఇన్‌పుట్, మ్యాక్స్, మ్యాక్స్ హిస్టరిసిస్ (అలారం మళ్ళీ ఆగే హద్దు) ఉన్నాయి అని ఒక పట్టిక ఇచ్చి, మూడు ఫంక్షన్లు రాసిస్తే చాలు. ఈజ్ విజిబుల్, రీడ్, రైట్. ఫైళ్ళ పేర్లు, వాటిని పుట్టించడం, పోయేటప్పుడు తీసేయడం అంతా కోర్ చూసుకుంటుంది. ఈజ్ విజిబుల్ చిన్న ఫంక్షనే కానీ నాకు చాలా ఇష్టం. ఈ బోర్డులో ఆ ఛానెల్‌కి వైరే వేయలేదనుకోండి, అక్కడ సున్నా తిరిగిస్తే ఆ ఫైల్ అసలు పుట్టదు. లేని సెన్సార్‌కి సున్నా డిగ్రీలు చూపించడం కంటే అది ఎంత నయం. పీసీ బోర్డుల్లో ఫ్యాన్లు, వోల్టేజ్ చూసే సూపర్ ఐఓ చిప్‌కి వైర్ తగిలించని పిన్నులు తేలుతూ ఉండి 127 అనో మైనస్ 60 అనో చూపిస్తుంటే జనం కంగారుపడి ఫోరాల్లో అడుగుతుంటారు, అదంతా ఈ కొరతే.

ఇప్పుడు లెక్క. ఎల్ఎం75 పద్ధతిలో రిజిస్టర్ 16 బిట్లు, పై తొమ్మిదే పనికొచ్చేవి, ఒక మెట్టు అర డిగ్రీ. హెక్స్‌లో 1900 వస్తే దాన్ని 256తో భాగిస్తే 25 డిగ్రీలు. ఎఫ్ఎఫ్80 వస్తే? ప్లస్, మైనస్ గుర్తున్న 16 బిట్ల సంఖ్యగా చదివితే మైనస్ 128, 1000తో గుణించి 256తో భాగిస్తే మైనస్ 500, అంటే మైనస్ అర డిగ్రీ. గుర్తు లేని సంఖ్యగా చదివితే 255.5 డిగ్రీలు! మన హైదరాబాద్ ల్యాబ్‌లో ఈ బగ్ ఎప్పటికీ బయటపడదు, బోర్డు లేహ్‌కో నార్వేకో పోయాక చలికాలం పొద్దున్నే క్రిటికల్ అని మెషీన్ షట్‌డౌన్ అయిపోతుంది. దీన్ని చిన్నచూపు చూడకండి, థర్మల్ సబ్‌సిస్టమ్‌లోనే చాలా కాలం టెంపరేచర్‌ని గుర్తు లేని సంఖ్యగా పెట్టుకున్నారు, 2015లో గానీ అన్నిచోట్లా మైనస్ కూడా పట్టే మామూలు ఇంట్‌కి మార్చలేదు. టెస్ట్ చేసేటప్పుడు ఫ్రిజ్ డీప్ ఫ్రీజర్‌లో పెట్టి చూడండి, లేదా ఆ ఫంక్షన్‌కి చేత్తో ఎఫ్ఎఫ్80 ఇచ్చి చూడండి.

ఐ2సీ ఫెయిల్ అయితే ఏం తిరిగివ్వాలి? చాలామంది కుర్రాళ్ళు సున్నా ఇస్తారు, కొందరు పాత విలువే మళ్ళీ ఇస్తారు. రెండూ వద్దు, ఎర్రర్ కోడ్ ఇవ్వండి, చదివినవాడికి ఎర్రర్ అనే తెలియాలి. థర్మల్ వాళ్ళు ఇంకా రీడింగ్ రాలేదని లోపల గుర్తు పెట్టుకోవడానికి మైనస్ 274000 వాడతారు, అంటే మైనస్ 274 డిగ్రీలు. పరమశూన్యం మైనస్ 273.15 కదా, దానికింద సృష్టిలో ఏదీ ఉండదు, కాబట్టి నిజం రీడింగ్‌తో ఎప్పటికీ కలవదు. డీఎస్18బీ20 డిజైన్ చేసినవాళ్ళు 85 బదులు ఇలాంటిదేదో పెట్టుంటే గుంటూరు వాచ్‌మన్ హాయిగా నిద్రపోయేవాడు.

ఇంకొకటి, ఎవరో ఒకాయన స్క్రిప్ట్‌లో ఆ ఫైల్‌ని సెకనుకి వెయ్యిసార్లు చదువుతాడు, చదివినప్పుడల్లా బస్ (ఆ ఐ2సీ వైర్లు) మీదకి పోతే అదే బస్ మీదున్న మిగతా చిప్పులు ఆగిపోతాయి. పాత డ్రైవర్లు చాలావరకు ఒకసారి చదివిన విలువని సెకను, సెకనున్నర దాచుకుని దాన్నే ఇచ్చేవి. మీ చిప్ కన్వర్షన్ టైమ్ ఎంతో డేటాషీట్‌లో చూసి, అంతకన్నా ముందే మళ్ళీ అడిగితే దాచిందే ఇవ్వండి.

ఇంట్లో పాత రైజెన్ 7 1800ఎక్స్ ఉందండీ. ఖాళీగా ఉన్నా 55 పైనే చూపిస్తోంది, హీట్ సింక్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా లేదు. పేస్ట్ మార్చినా అంతే. – డాలస్ నుంచి

పేస్ట్ వృథా అయింది. 1700ఎక్స్, 1800ఎక్స్ లాంటి మోడళ్ళలో ఏఎండీ వాళ్ళు అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చెప్పేలా చేశారు, ఫ్యాన్ కంట్రోల్ అన్ని మోడళ్ళకీ ఒకే పద్ధతిలో నడవాలని. అలా కలిపిన అంకెని టీసీటీఎల్ అంటారు, అసలుది టీడై. లైనక్స్‌లో కే10టెంప్ డ్రైవర్‌లో ఒక చిన్న పట్టిక ఉంది, మోడల్ పేరు చూసి ఎంత తీసేయాలో అందులో ఉంటుంది, 1800ఎక్స్‌కి 20, 2700ఎక్స్‌కి 10, మొదటి తరం థ్రెడ్‌రిప్పర్లకి 27. కొత్త కెర్నల్ వేసుకుంటే రెండూ వేరే వేరే లేబుళ్ళతో కనబడతాయి, మీరు టీడై చూసుకోండి. ఒకటే చూపించి రెండోది దాచేయకుండా రెండూ ఇవ్వడం నాకు బాగా నచ్చింది, ఫ్యాన్ ప్రోగ్రామ్‌కి మొదటిది కావాలి, మనిషికి రెండోది కావాలి.

మీరు లైనక్స్ భజన ఆపండి. మూడు సబ్‌సిస్టమ్‌లు, మధ్యలో వంతెనలు, ఇదా డిజైన్? ఓపెన్‌బీఎస్‌డీలో ఒకే ఒక్క సెన్సార్ ఫ్రేమ్‌వర్క్, సిస్‌కంట్రోల్‌లో హెచ్‌డబ్ల్యు డాట్ సెన్సార్స్ అని కొడితే అన్నీ వస్తాయి. – బెంగళూరు

ఒప్పుకుంటాను, చూడముచ్చటగా ఉంటుంది. అక్కడ టెంపరేచర్‌ని మైక్రోకెల్విన్‌లో, 64 బిట్ల సంఖ్యలో పెడతారు, మైనస్ అనే తలనొప్పే ఉండదు, పైన నేను రాసిన ఎఫ్ఎఫ్80 గొడవ డ్రైవర్ గడప దాటి బయటికి రాదు. విలువ నమ్మదగ్గది కాకపోతే ఇది చెల్లదు అని ఒక ఫ్లాగ్ కూడా ప్రతి సెన్సార్‌కీ ఉంటుంది. వాడేవాడు కాన్ఫిగరేషన్ ఫైల్ ముట్టుకోకుండానే పనిచేయాలనేది వాళ్ళ పట్టుదల. లైనక్స్‌లో అయితే బోర్డు మీద రెసిస్టర్లని బట్టి వోల్టేజ్ లెక్కలు సరిచేసుకోవడానికి సెన్సార్స్ కాన్ఫ్ ఫైల్‌తో కుస్తీ పట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు.

కానీ ఒకే చట్రంలో టెంపరేచర్, ఫ్యాన్, వోల్టేజ్, రెయిడ్ డ్రైవ్ పరిస్థితి, టైమ్ సిగ్నల్ తేడా అన్నీ పెట్టేస్తే అది టెంపరేచర్ అబ్‌స్ట్రాక్షనా లేక ఏ అంకెనైనా వేసుకునే సంచా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. 2007లో సరిగ్గా ఈ గొడవే అయింది. విద్యార్థులతో కోడ్ రాయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఈ ఫ్రేమ్‌వర్క్‌ని అదే కుటుంబంలోని ఫ్రీబీఎస్‌డీకి తెచ్చారు, అక్టోబర్‌లో కోడ్ చేర్చారు, డిజైన్ మీద అభ్యంతరాలొచ్చి కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసేశారు. అదే కుటుంబంలోని డ్రాగన్‌ఫ్లై వాళ్ళు మాత్రం ఉంచుకున్నారు. నన్నడిగితే చూసి చెప్పే పని వరకు ఓపెన్‌బీఎస్‌డీ పద్ధతే హాయి. వేడెక్కితే ఫోన్ ప్రాసెసర్‌ని ఎంత నెమ్మది చేయాలి, గ్రాఫిక్స్‌కి ఎంత పవర్ వదలాలి లాంటి లెక్కలు చేయాల్సొస్తే అది సరిపోదు, లైనక్స్‌లో రెండో ఇల్లు కట్టింది అందుకే. ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ సర్వర్లూ అన్నీ మోయాల్సిన కెర్నల్ ఇల్లు ఇరుకైతే పక్కన ఇంకోటి కట్టుకుంటుంది, మీరు దాన్ని డిజైన్ కాదంటే నేను కాదనను.

అప్‌డేట్ చేశాక హెచ్‌డబ్ల్యుమాన్2 కాస్తా హెచ్‌డబ్ల్యుమాన్3 అయిపోయింది, నా ఫ్యాన్ స్క్రిప్ట్ మొత్తం పోయింది. – విజయవాడ

ఆ నంబర్ డ్రైవర్లు ఎవరు ముందు లోడ్ అయితే వాళ్ళకి దొరికే సీటు నంబర్, దాన్ని స్క్రిప్ట్‌లో రాసుకోకూడదు. ప్రతి ఫోల్డర్‌లో నేమ్ అని ఒక ఫైల్ ఉంటుంది, అన్నిటిలో వెతికి కోర్‌టెంప్ అనో కే10టెంప్ అనో ఉన్నదాన్ని పట్టుకోండి, దాంట్లో లేబుల్ ఫైల్ చూసి ఛానెల్ పట్టుకోండి.

డ్రైవ్‌టెంప్ మాడ్యూల్ వేశాక నా బ్యాకప్ హార్డ్‌డిస్క్ నిద్రపోవడం మానేసింది. – పేరు వద్దన్నారు

డిస్కుల టెంపరేచర్‌ని హెచ్‌డబ్ల్యుమాన్‌లో చూపించే ఆ డ్రైవర్ 5.6 కెర్నల్‌తో 2020లో వచ్చింది. కొన్ని డిస్కుల్లో టెంపరేచర్ అడగడం కూడా పని కిందే లెక్క, అడిగినప్పుడల్లా నిద్ర టైమర్ మళ్ళీ మొదటికొస్తుంది. డబ్ల్యుడీ 12 టీబీ మోడల్ ఒకదాంట్లో ఇలా జరుగుతుందని డ్రైవర్ డాక్యుమెంట్‌లోనే రాసిపెట్టారు, ఆ మోడల్ ఒకసారి నిద్రలోకి జారుకున్నాక మాత్రం టెంపరేచర్ అడిగినా లేవదట. మీ మానిటరింగ్ ప్రోగ్రామ్‌లో ఆ డిస్క్‌ని అడిగే గ్యాప్‌ని స్పిన్‌డౌన్ టైమ్ కంటే ఎక్కువ పెట్టుకోండి. ఐదు నిమిషాలకి నిద్రపోయే డిస్క్ అయితే పది నిమిషాలకోసారి అడిగితే చాలు.